డిజైనున్న కర్ర కోసం: తరిమెన పనిలో నా అనుభవం

గోదావరి డెల్టాలో తరిమెన (కర్రను గుండ్రంగా తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం) పట్టేవారికి కర్ర విషయంలో పెద్ద పట్టింపులు ఉండవు. మంచం కోళ్ళకైనా, మెట్ల కటకటాలకైనా, అప్పడాల కర్రకైనా కావలసింది ముడి లేని, గీత తిన్నగా సాగిన, బాగా ఆరిన చెక్క మాత్రమే. అటువంటి చెక్క ఉలికి సాఫీగా తెగుతుంది, తిప్పాక వంకర పోదు, పైన వార్నిషు పడితే అది ఏ చెట్టుదో ఎవరూ అడగరు. బడిలో పాఠాలు చెప్పుకుంటూ తీరిక వేళల్లో చిన్న తరిమెన మీద గిన్నెలు, మూత డబ్బాలు, పూలకుండీలు చేయడానికి పూనుకున్న నాకు మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధమైన కర్ర కావలసి వచ్చింది. గిన్నె మీద చెక్కడం పని ఉండదు, రంగు ఉండదు. దాని అందమంతా చెక్కలోని అల్లిక మీదనే ఆధారపడి ఉంటుంది. కలప అడితుల్లో ‘డిజైనున్న కర్ర’ అనేది దీన్నే. దాన్ని గుర్తుపట్టడం, సంపాదించడం, చెడకుండా ఆరబెట్టుకోవడం అనే పనులు నాకు గిన్నె తిప్పడం కంటే ఎక్కువ సమయం తీసుకున్నాయి, ఎక్కువ నేర్పాయి కూడా.

అందరిలాగే నేనూ మొదట విదేశీ కర్రల వైపే చూశాను. పెన్నులకు, చిన్న డబ్బాలకు సరిపడే ముక్కలను ఆన్‌లైన్‌లో పర్పుల్‌హార్ట్, పడాక్, వెంగే, ఎబొనీ, ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ అనే పేర్లతో అమ్ముతారు. దూరదేశపు కలప దుంగలు మన దేశంలోకి ఎక్కువగా గుజరాత్‌లోని కాండ్లా రేవు గుండా వచ్చి, పక్కనే ఉన్న గాంధీధామ్ సామిల్లుల్లో కోతపడి, ఎన్నో చేతులు మారి మన దాకా చేరుతాయి. అన్ని చేతులు మారేసరికి పేరుకు పూచీపడేవారు ఎవరూ మిగలరు. ఒక అమ్మకందారు ఎబొనీ అని పంపిన ముక్క అన్ని వైపులా ఒకే నలుపుతో ఉండటం, చేతికి తేలికగా తగలడం చూసి నాకు అనుమానం వచ్చింది. దూదికి స్పిరిట్ తడిపి రుద్దితే దూది నల్లబడింది. తరిమెనకు ఎక్కించి పావు అంగుళం లోతుకు దిగేసరికి పొట్టు లేత గోధుమరంగులో రాలింది. ఏదో మామూలు కర్రకు రంగు పట్టించి పంపారు. డబ్బు తిరిగి వచ్చింది కానీ, ఆనాటి నుంచి పేరు చూసి కొనడం మానివేసి, కర్రను చూసి పేరు నిర్ధారించుకోవడం నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను.

కర్ర గుర్తింపులో రంగు, వాసన, బరువు అనేవి సాక్షుల వంటివే తప్ప తీర్పు చెప్పేవి కావు. రంగు వెలుతురుకు మారిపోతుంది. పర్పుల్‌హార్ట్ కోసిన వెంటనే మట్టిరంగులో ఉండి గాలి, వెలుతురు తగిలాక ఊదారంగుకు తిరుగుతుంది. పడాక్ ఎర్రనారింజ రంగు కొన్నాళ్ళకు గోధుమరంగులోకి దిగిపోతుంది. మన పనస పసుపు కూడా అంతే. తీర్పు చెప్పేది అడ్డకోత ముఖం. దాన్ని చూడటానికి పదిరెట్లు పెద్దది చేసి చూపే చేతి భూతద్దం, కొత్త షేవింగ్ బ్లేడు చాలు. రంపం కోసిన ముఖం మీద పీచు నలిగి ఉంటుంది కనుక ఏమీ కనిపించదు. ఒక మూలను నీటితో తడిపి, బ్లేడును ఏటవాలుగా పట్టుకొని, గోరంత మేర ఒకే ఊపులో పలచగా చెక్కాలి. అప్పుడు భూతద్దాన్ని కంటికి ఆనించి పెట్టుకొని, చెక్కనే కంటి దగ్గరికి తెచ్చుకుంటే సన్నని రంధ్రాలు, వాటి చుట్టూ లేతరంగు మెత్తని కణజాలం, బెరడు నుంచి దవ్వ (మాను నట్టనడిమి మెత్తని భాగం) వైపు సాగే సన్నని గీతల్లాంటి కిరణాలు విడివిడిగా కనిపిస్తాయి.

ఈ చూపు అలవాటు కావడానికి నేను ముందుగా సందేహం లేని కర్రలను చూశాను. టేకులో ప్రతి వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరుసకట్టి ఉంటాయి, ఆ తరువాత చిన్నవి వస్తాయి. మహాగనిలో రంధ్రాలు అంతటా చెదిరి ఉండి, వలయం అంచున సన్నని లేతరంగు గీత కనిపిస్తుంది. నిద్రగన్నేరు, దిరిసెన కర్రల్లో రంధ్రాలు కంటికే ఆనేంత పెద్దవి, ఒక్కొక్క రంధ్రం చుట్టూ తెల్లని వలయం ఉంటుంది. ఇలా తెలిసినవాటి ముక్కలను అగ్గిపెట్టె పరిమాణంలో కోసి, చెట్టు పేరు, దొరికిన చోటు రాసి దాచుకున్నాను. కొత్త ముక్క వచ్చినప్పుడు పుస్తకంలోని బొమ్మతో పోల్చడం కంటే పక్కన పెట్టుకున్న ముక్కతో పోల్చడం ఎంతో నమ్మకమైన పద్ధతి.

మన ప్రాంతంలో అతి తరచుగా జరిగే మోసం దిరిసెన చేవను (మాను లోపలి ముదురురంగు కర్రను) రోజ్‌వుడ్‌గా అమ్మడం. రెండూ ముదురు గోధుమరంగువే, రెండింటిలోనూ నల్లచారలు ఉంటాయి, నూనె రాస్తే ఇంకా దగ్గరగా కనిపిస్తాయి. ఏజెన్సీ అడవుల్లో జిట్రేగి, ఇరుగుడు అని పిలిచే అసలు రోజ్‌వుడ్‌ను వేరుచేయడానికి నిలువుకోతలో బెరడుకు సమాంతరంగా ఉండే ముఖాన్ని నున్నగా చెక్కి, దీపాన్ని పక్కనుంచి ఏటవాలుగా పట్టి చూడాలి. రోజ్‌వుడ్ అయితే పీచుకు అడ్డంగా, వెంట్రుక కంటే సన్నని సమాంతర గీతలు దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. కర్రలోని కిరణాలు అంతస్తులుగా పేర్చినట్టు ఉండటమే దీనికి కారణం. దిరిసెనలో, నిద్రగన్నేరులో ఈ గీతలు ఉండవు. అయితే ఈ గుర్తు రోజ్‌వుడ్ కుటుంబపు అన్నదమ్ములైన సిస్సు, ఏగిస, పడాక్, ఎర్రచందనాలలో కూడా ఉంటుంది కనుక గీతలు లేకపోతే రోజ్‌వుడ్ కాదని తేల్చవచ్చు కానీ, గీతలున్నంత మాత్రాన రోజ్‌వుడ్ అని చెప్పలేము. అక్కడి నుంచి ఇతర పరీక్షలు అవసరమవుతాయి. ఏగిస పొట్టును గాజుగ్లాసు నీటిలో వేసి కొంతసేపు ఉంచితే నీరు తేనెరంగుకు తిరిగి, ఎండలో పక్కనుంచి చూస్తే నీలపు మెరుపు మెరుస్తుంది. మధుమేహానికి మంచిదని సంతల్లో అమ్మే కర్రగ్లాసులు ఈ చెట్టువే. ఎర్రచందనం రంగు నీటికి దిగదు కానీ స్పిరిట్‌కు చిక్కగా దిగుతుంది. పైగా ఆరిన చేవ ముక్క సైతం నీటిలో మునుగుతుంది.

అప్పటికీ తేలకపోతే బెంగళూరులోని కలప శాస్త్ర సాంకేతిక సంస్థకు ముక్క పంపి రుసుము చెల్లిస్తే నిర్ధారించి చెబుతారు. విలువైన దుంగ కొనేటప్పుడు ఆ ఖర్చు దండగ కాదు.

గుర్తింపు కేవలం డబ్బు సంగతి కాదు, చట్టానికి సంబంధించిన సంగతి కూడా. ఎర్రచందనం 1995 నుంచి అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2017 జనవరి 2 నుంచి రోజ్‌వుడ్ ప్రజాతి మొత్తం ఆ జాబితాలోకి చేరింది; ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ కూడా ఆ ప్రజాతిదే. ఆఫ్రికా పడాక్‌ను 2022లో పనామా సమావేశంలో చేర్చారు. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ఈ జాబితాను చట్టంలో భాగం చేసింది. రాష్ట్రంలోనైతే ఊళ్ళో చెట్టు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలి, అటవీ ఉత్పత్తిని రోడ్డు మీద తీసుకురావాలంటే రవాణా పర్మిట్ కావాలి. బిల్లు, పర్మిట్ చూపని రోజ్‌వుడ్‌ను నేను ముట్టను. ఎర్రచందనం అయితే ‘పాత ఇంటి గుంజండీ, భయం లేదు’ అని ఎవరైనా తెచ్చినా గుమ్మం దాటనివ్వను. అడవి కర్ర కావాలంటే అటవీశాఖ డిపోల వేలం ఉంది; కానీ అక్కడ లాట్లు పెద్దవి, నాబోటివాడు ఎవరైనా వ్యాపారితో కలిసి తీసుకోవాలే తప్ప ఒంటరిగా పాడలేడు.

ఈ లెక్కలన్నీ వేసుకుంటున్న రోజుల్లోనే, మంచం కోళ్ళకు తరిమెన పట్టే మా ఊరి మేస్త్రి నా బల్ల మీద విదేశీ ముక్కలను తిరగేసి చూసి, “ఇందులో డిజైనేముందండీ మాస్టారూ, రంగు తప్ప?” అన్నారు. “డిజైను కావాలంటే చెట్టు ఎక్కడ బరువు మోసిందో అక్కడ కొయ్యాలండి. పంగలో చూడండి, బుడిపెలో చూడండి, వేరుమొదట్లో చూడండి.” ఆయన మాటలో నిజం ఎంత ఉందో తరువాత తెలిసింది. అల్లిక అనేది జాతి లక్షణం కంటే ఆ చెట్టు బతికిన తీరుకు సంబంధించినది. రెండు కొమ్మలు విడిపోయే పంగలో పీచులు ఒకదాన్నొకటి తోసుకుంటూ పెనవేసుకుపోతాయి. ఆ చోట కోస్తే నెమలిపింఛం వంటి విసనకర్ర కనబడుతుంది. దెబ్బ తగిలిన చోటో, తెగులు పట్టిన చోటో నిద్రాణంగా ఉన్న మొగ్గలు గుంపుగా పెరిగి బుడిపె అవుతుంది. దాని లోపల చిన్నచిన్న కళ్ళు నిండి ఉంటాయి. కొన్ని చెట్లలో పీచు నిలువునా అలలుగా పెరుగుతుంది. అటువంటి దుంగ బెరడు ఊడదీస్తే కింద కర్ర మడతలు పడి, చేతికి గరుకుగా తగులుతుంది. పడిన చెట్టులో శిలీంధ్రం పాకితే సన్నని నల్లగీతలు దేశపటంలో సరిహద్దుల్లా ఏర్పడతాయి. చింత, మామిడి కర్రల్లో ఇవి అద్భుతంగా వస్తాయి. ఖరీదైన పేరున్న కర్రలో తిన్నని గీత ముక్క తెచ్చుకోవడం కంటే ఊరి చెట్టు పంగ తెచ్చుకోవడం మేలని నాకు అప్పుడు గట్టిగా అనిపించింది, ఇప్పటికీ అదే నా అభిప్రాయం.

విచిత్రమేమంటే, డెల్టాలో పంగకు విలువ లేదు. దూలానికీ పలకకూ పనికిరాదని సామిల్లువారు దాన్ని ఒక పక్కకు నెడతారు. అది ఇటుక బట్టీలకో, మెట్ట ప్రాంతపు పొగాకు బేరన్లకో, హోటలు పొయ్యికో పోతుంది. రావులపాలెం, రాజమహేంద్రవరం అడితుల్లో, పాలకొల్లు వైపు చిన్న సామిల్లుల్లో నేను వెతికింది ఆ కుప్పలనే. అక్కడ ధర తూకం మీద, వంటచెరకు ధర. మంచి దుంగ కావాలంటే మాత్రం ఘనపుటడుగుల లెక్క. చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే హెచ్చించి, పొడవుతో గుణిస్తారు. 48 అంగుళాల చుట్టుకొలత, ఆరడుగుల పొడవు ఉన్న దుంగ ఈ లెక్కన ఆరు ఘనపుటడుగులు; నిజంగా అందులో ఉండేది ఏడున్నర పైచిలుకు. బెరడు, పైచెక్క తరుగు కింద పోయేది అందులో ఉందనుకుంటే కొనేవాడికి ఇది న్యాయమైన లెక్కే.

నిద్రగన్నేరు నాకు అన్నిటికంటే అచ్చివచ్చిన కర్ర. దీన్ని మనం మన చెట్టే అనుకుంటాము కానీ ఇది మధ్య, దక్షిణ అమెరికాల నుంచి వచ్చినది. హవాయి దీవుల్లో దీని గిన్నెలను మంకీపాడ్ పేరుతో పర్యాటకులకు అమ్ముతారు. విదేశీ కర్ర కోసం కాండ్లా వైపు చూసే మనకు కాలవగట్టు మీదే అది నీడనిస్తోంది. చేవ చాక్లెట్ రంగు, దాని చుట్టూ బెరడు వైపున ఉండే తెల్లకర్ర మీగడ రంగు. ఆరేటప్పుడు చాలా తక్కువగా కుదించుకుంటుంది కనుక పచ్చిగా తిప్పినా పగుళ్ళు తక్కువ. కొమ్మలు గొడుగులా అడ్డంగా పరచుకోవడం వల్ల పంగలు భారీగా ఉంటాయి. కొవ్వూరు మండలం కుమారదేవం గోదావరి గట్టున ఎన్నో సినిమాల్లో కనిపించిన, నూటయాభై ఏళ్ళ నాటిదని చెప్పుకునే ‘సినిమా చెట్టు’ కూడా నిద్రగన్నేరే. 2024 ఆగస్టులో అది కూలిపోయినప్పుడు ఆ చీలిన మొదలు ఫొటోలను జనం బాధతో చూస్తే, నేను బాధతోపాటు పంగలోని కర్రను కూడా చూశానని ఒప్పుకోవాలి.

రోడ్డు పక్క నిద్రగన్నేరుతో ఒక చిక్కు ఉంది. ఎన్నికల ఫ్లెక్సీలు, ట్యూషన్ బోర్డులు కట్టిన మేకులు, తీగలు చెట్టు లోపలికి కూరుకుపోయి ఉంటాయి. అందుకే కొన్ని సామిల్లులు దీన్ని బ్యాండు రంపానికి ఎక్కించడానికి ఒప్పుకోవు. కర్రలో నీలినలుపు మరక కనిపిస్తే దాని చుట్టుపక్కల ఇనుము ఉందని అర్థం. నేను చేతిలో పట్టే చిన్న మెటల్ డిటెక్టర్‌తో ముందుగా దుంగంతా తడిమి, మేకు ఉన్న చోట సుద్దతో గీసి, ఆ తరువాతనే కోతకు ఇస్తాను. ఆ సుద్ద గీతలు చూశాక రంపం మేస్త్రి కూడా అభ్యంతరం చెప్పడు.

పంగను కోయించే తీరు జాగ్రత్తగా చెప్పవలసినది. మొద్దు దవ్వ, రెండు కొమ్మల దవ్వలు ఈ మూడూ ఒకే తలంలో ఉండేలా దుంగను పడుకోబెట్టి, రంపం ఆ మూడింటి గుండా పోయేలా కోయాలి. అల్లిక అంతా ఆ మధ్యతలంలోనే ఉంటుంది. రెండు మూడంగుళాలు పక్కకు జరిగితే మామూలు గీతే మిగులుతుంది. మొదటి కోత పడిన వెంటనే రెండు చెక్కల ముఖాలను నీటితో తడిపి చూస్తాను. కొబ్బరిపీచుతో పొట్టు తుడిచి నీళ్ళు చల్లగానే అంతవరకు బూడిదరంగులో ఉన్న ముఖం మీద కింది నుంచి పైకి జ్వాలలా విచ్చుకున్న చారలు, వాటి మీద కదిలే మెరుపు కనిపిస్తాయి. చెక్కను అటూ ఇటూ వంచితే మెరిసిన చోటు నల్లబడి నల్లబడిన చోటు మెరవాలి. వంచినా మారనిది రంగుచార మాత్రమే, అల్లిక కాదు. తరువాత గిన్నె మూతిని బెరడు వైపుకు, అడుగును దవ్వ వైపుకు పెట్టాలా, తిరగెయ్యాలా అన్నది ఆలోచించుకోవాలి. విసనకర్ర గిన్నె అడుగున పడాలంటే దవ్వ ముఖం వైపు లోతును తక్కువగా తొలవాలి.

గంగరావి గురించి ఇంతకంటే ఎక్కువ రాయాలని ఉంది కానీ దొరికేది తక్కువ. కాలవగట్ల మీద, సముద్రతీరపు ఊళ్ళలో ఉండే ఈ చెట్టు చేవ ముదురు ఎరుపు కలిసిన గోధుమరంగు. తిప్పేటప్పుడు సన్నగా గులాబీ వాసన వస్తుంది. పసిఫిక్ దీవులవారు దీన్ని మిలో అని పిలిచి గిన్నెలకు ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు. చింత మొదలు, తుమ్మ బుడిపె, పనస మాను అడిగితే ఊళ్ళలోనే దొరుకుతాయి. పట్టులా మెరిసే బిల్లుడు మాత్రం డెల్టాలో పెరగదు, మెట్ట అడవుల్లోది. దాని పొట్టు కొందరికి ఒంటి మీద దద్దుర్లు తెప్పిస్తుంది. ముఖానికి మాస్కు, చేతులకు పొడవు చొక్కా లేకుండా దాన్ని తిప్పకూడదు.

ఇక ఆరబెట్టడం. మన గాలిలో తేమ నూటికి 75 పాళ్ళు ఉండే రోజుల్లో కర్ర ఎంత కాలం ఉన్నా 14 శాతం తేమ దగ్గర ఆగిపోతుంది. ఇక్కడ ఆరినది ఏసీ గదిలోకి వెళితే మళ్ళీ కదులుతుంది. ఆ కారణంగా నేను ముక్క తెచ్చిన రోజే అడ్డకోత ముఖాలకు కరిగించిన మైనం దట్టంగా పూస్తాను. ఎందుకంటే తేమ పక్కలనుంచి కంటే కొనలనుంచి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది, పగుళ్ళు పుట్టేది అక్కడే. ఆ తరువాత గిన్నెను వ్యాసంలో పదో వంతు మందం ఉండేలా ముతకగా తిప్పి, దాని పొట్టుతోనే కాగితపు సంచిలో మూసి, గాలి ఆడే చోట అటక మీద ఉంచుతాను. వారానికోసారి వంటింటి తూకం మీద పెట్టి బరువు సంచి మీదనే రాస్తాను. బరువు తగ్గడం ఆగినప్పుడు అది చివరి తిప్పుడుకు సిద్ధమైనట్టు. తెల్లకర్ర ఉన్న ముక్కలకు పుచ్చు పట్టి పిండి రాలకుండా ముందుగానే బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీరు పూయాలి. నిద్రగన్నేరు, మామిడి తెల్లకర్రలకు ఈ జాగ్రత్త తప్పనిసరి. వానాకాలంలో సంచులకు బూజు పడితే సంచి మార్చడం తప్ప వేరే ఉపాయం లేదు.

ఇన్ని దొరికినా విదేశీ కర్ర నుంచి పూర్తిగా బయటపడలేదు. గిన్నెలకు అవసరం లేదు కానీ, మూత డబ్బాలకు మర (మూతను తిప్పి బిగించే గాడి) కోయాలంటే పీచు విరగని, బాగా చిక్కనైన కర్ర కావాలి. అందుకు ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ చిన్న ముక్కలనే బిల్లుతో, ఏ దేశపు కర్రో రాసి ఇచ్చేవారి దగ్గర కొంటున్నాను. దాని బదులు బాగా పండిన చింత చేవ పనికివస్తుందేమోనని చూస్తున్నాను. నల్లగా, ఊదా చాయతో ఉండే ఆ చేవ ముసలి చెట్ల నడిమిలో తప్ప దొరకదు, దొరికినా చెయ్యి మందం మించదు. ముతక మర బాగానే తెగింది. సన్నమర అంచులు ఇంకా ఊడుతున్నాయి. పాలకొల్లు వైపు సామిల్లులో ఒక ముసలి చింతమొదలు కోతకు రావలసి ఉంది, దాని నడిమి ముక్కను పక్కన ఉంచమని చెప్పి వచ్చాను.